డాల్డా రేకు మాటు

అంబాసిడర్ కారు మీద ఈ మధ్య జనానికి ప్రేమ ఎక్కువైంది. పెళ్లికొడుకును ఊరేగించడానికి ఎక్కడెక్కడి నుంచో వెతికి తెస్తున్నారు. హోటళ్ల ముందు కడిగి తుడిచి నిలబెడుతున్నారు. దానికి ఆనుకుని ఫొటోలు దిగుతున్నారు. సంతోషమే. అయితే ఆ కారు గురించి రాసేవాళ్లంతా సోఫా లాంటి సీట్ల గురించి, మంత్రుల గురించి, నెత్తి మీది ఎర్రబుగ్గ గురించి రాస్తారు. కాస్త లోతుకు వెళ్లినవాళ్లు ఇంజను మెకానిక్కును తలుచుకుంటారు. పెట్రోలు ట్యాంకు కారితే మాటు వేసి ఇచ్చిన మనిషిని తలుచుకున్న రాత మాత్రం నా కంటబడలేదు. ఆ పని చేసేవాళ్లను దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి ఆ బాకీ నేనే తీర్చుకుంటున్నాను.

మా నాన్న తెనాలి స్టేషను దగ్గరి స్టాండులో టాక్సీ తిప్పేవాడు. మార్క్-2 అంబాసిడర్. ఒళ్లంతా నలుపు, పైకప్పు పసుపు. ఇంగ్లండువాళ్ల మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 కారు నమూనాను తెచ్చుకుని, కలకత్తా పక్కన ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 మే దాకా చేసిన బండి అది. మేం ట్యాంకు పట్టుకుని వెళ్లే షెడ్డు ఊళ్లోనే మారీసుపేటలో ఉండేది. ‘మారిస్ కారుకు మారీసుపేటలోనే వైద్యం’ అని నాన్న వెళ్లిన ప్రతిసారీ అనేవాడు. ప్రతిసారీ తనొక్కడే నవ్వేవాడు.

అసలు ట్యాంకు ఎందుకు కారుతుందో చెప్పాలి. ఆ రోజుల్లో ట్యాంకులన్నీ ఉక్కు రేకువే. సీసం, తగరం కలిపిన పలచటి పూత ఉన్న రేకును రెండు సగాలుగా నొక్కి, ఒకదాని మీద ఒకటి బోర్లించి, అంచులు కలిపి అతికేవారు. ఆ పూత నిలిచినంతకాలం తుప్పు దరిచేరదు. కానీ రేకు మందం ఎంతని, ఒక మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ సగమూ గాలే కదా. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడల్లా ఆ గాలిలోని తేమ లోపలి గోడలకు పట్టి, నీళ్లై కిందికి జారుతుంది. నీళ్లు పెట్రోలు కన్నా బరువు. పైన ఎంత పెట్రోలు పోసినా అవి అడుక్కు చేరి, అక్కడే కూర్చుని రేకును తింటాయి.

అందుకే తెనాలిలో డాక్టర్ల ఫియట్లకు ట్యాంకు కారడం అరుదు. వాళ్లు బంకుకు వెళితే నిండా కొట్టించేవాళ్లు. టాక్సీవాళ్ల లెక్క వేరు. కిరాయి కుదిరాక, పార్టీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని, ఐదు లీటర్లో పది లీటర్లో పోయించుకుని బయల్దేరేవాళ్లు. 54 లీటర్లు పట్టే ట్యాంకు నిండటమంటే తిరుపతి కిరాయి తగిలినట్టే. మిగతా రోజుల్లో ముప్పాతిక ట్యాంకు గాలే. లేనివాడి ట్యాంకుకే ముందు తుప్పు. 1973 నవంబరులో పెట్రోలు ధర ఒక్కసారిగా పెంచినప్పుడు వాజ్‌పేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్లారు. ఆ కబురు విని స్టాండులో డ్రైవర్లు పగలబడి నవ్వారట. నవ్వినవాళ్లే మర్నాటి నుంచి ఐదు లీటర్లు పోయించుకునే చోట మూడు పోయించుకున్నారు. ఆ తర్వాత రెండు మూడేళ్లు మారీసుపేట షెడ్డుకు చేతినిండా పని అంటే, అందులో ఆ ధరకూ వాటా ఉంది.

కారడం మొదట ముక్కుకు తెలుస్తుంది. మా ఇంట్లో అమ్మ ముక్కుకు. బండి రాత్రిళ్లు వాకిట్లో వేపచెట్టు కింద ఉండేది. తెల్లవారుజామున లేచి కళ్లాపి చల్లబోతూ ఆగిపోయి, “ఏమండీ, బండి మళ్లీ వాసనేస్తోంది” అనేది. ఆ మాట అంటే ఇక పొయ్యి వెలిగించదు. నాన్న లేచి, నేనూ పక్కింటివాళ్లూ తలో చెయ్యి వేసి బండిని వీధి చివరికి తోసేదాకా ఇంట్లో కాఫీ లేదు. ఇంజను స్టార్టు చేసి తీసుకెళ్లొచ్చు కదా అని ఒకసారి అడిగాను. ట్యాంకు కింద తడిగా ఉన్నప్పుడు స్టార్టరు తిప్పకూడదు, అక్కడ ఒక్క రవ్వ లేచినా చాలు అన్నాడు నాన్న.

తోశాక నాన్న గోనెసంచి పరుచుకుని కింద దూరేవాడు. పెట్రోలుకు అప్పట్లో నారింజ రంగు కలిపేవారు. పెట్రోలు ఆవిరై పోయినా రంగు మిగిలి రేకు మీద జిడ్డుమరక కట్టేది. అయితే మరక ఉన్నచోటే చిల్లు ఉంటుందనుకుంటే పొరపాటే. చిల్లు దగ్గర బయటపడ్డ పెట్రోలు రేకును అంటిపెట్టుకుని పల్లానికి పాకి, ఎక్కడో అంచున చుక్కవుతుంది. చుక్క పడేచోటు నుంచి వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. నాన్న గుడ్డతో అంతా పొడిగా తుడిచి, చూపుడువేలు రేకు వెంట మెల్లగా జరిపేవాడు. పెట్రోలు చర్మానికి తగిలితే చల్లగా ఉంటుంది, క్షణంలో ఎగిరిపోతుంది. కంటికి కనబడని చెమ్మ కూడా వేలికి చల్లగా తగులుతుంది. “ఇదిగో, దొరికింది” అనేవాడు. టార్చిలైటు వేసి చూసినా నాకు అక్కడ ఏమీ కనబడేది కాదు.

డ్రైవరు చేతిలో ఉన్న మందు బట్టల సబ్బు. ఇది ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నది కాదు, దేశంలో ప్రతి డ్రైవరుకూ తెలిసిందే. సబ్బు నీళ్లలో కరుగుతుంది గానీ పెట్రోలులో కరగదు. సబ్బుముక్కను చేతిలో పిసికి మెత్తబరిచి చిల్లు మీద అదిమితే, పైకి తన్నే చెమ్మను ఆపి గట్టిపడుతుంది. ఆ సబ్బు మీద పెళ్లిళ్లకు వెళ్లొచ్చిన బండ్లున్నాయి. వాన పడితే మాత్రం కథ మొదటికి. తర్వాతి కాలంలో ఎమ్‌సీల్ లాంటి ముద్దలు వచ్చాయి. వాటితో వచ్చిన చిక్కేమిటంటే, పొడి రేకుకైతే రాయిలా పట్టుకుంటాయి, పెట్రోలు తడి ఉన్నచోట అంటుకోవు. కారుతున్న ట్యాంకుకు తడి లేని చోటెక్కడిది? వేసిన ముద్ద పెళ్లలా ఊడొచ్చేది. చివరికి ట్యాంకు దించాల్సిందే, సాయిబు గారి దగ్గరికి వెళ్లాల్సిందే.

సాయిబు గారికి ఒక పేరు ఉండే ఉంటుంది. ఊళ్లో అందరికీ ‘ట్యాంకుల సాయిబు గారు’. మా నాన్న కన్నా పెద్దవాడు. ఎడమ కనుబొమ్మ మీద వెంట్రుకలు లేవు, ఎందుకు లేవో అడిగినవాడికి చెప్పేవాడు కాదు. వాళ్ల నాన్న కళాయి పోసేవాడు. వీధిలో గుంట తవ్వి, తిత్తి పెట్టి, బొగ్గులు రాజేసి, ఇత్తడి గిన్నెల లోపల తగరం పూసి తెల్లగా మెరిపించే పని. పక్కనే బిందెలకూ గంగాళాలకూ మాట్లు వేసేవాళ్లు. ఇళ్లలోకి స్టీలు సామాను వచ్చింది. స్టీలు గిన్నెకు కళాయి అక్కర్లేదు. పులుసు కిలుమెక్కుతుందన్న భయం పోయింది, దాంతోపాటే కళాయి గుంటా పూడిపోయింది. కొడుకు అదే నవాసారం, అదే తగరం, అదే కొలిమి పట్టుకుని కార్ల రేడియేటర్లకూ పెట్రోలు ట్యాంకులకూ మళ్లాడు. మధ్యలో కిరసనాయిలు స్టవ్వులు, పెట్రోమాక్సు లైట్లు కూడా చేసేవాడు. చేతిలో విద్య అదే, తెచ్చే సరుకే మారింది.

సాయిబు గారి దగ్గర తొందర చెల్లదు.

“సాయిబు గారూ, రేపు పొద్దున్నే గుంటూరు కిరాయి ఉందండీ. ఈ పూట కాస్త చూసిపెడితే...” అని నాన్న నసిగేవాడు.

“కిరాయి నీది తమ్ముడూ, చెయ్యి నాది. ఎల్లుండి రా.”

అక్కడితో అయిపోయింది. నాన్న బేరం ఆడటం చాలాచోట్ల చూశాను గానీ అక్కడ చూడలేదు.

ఎల్లుండి దాకా ఆయన చేసేదేమిటంటే, చాలామటుకు కడగడం. నిండు ట్యాంకుకన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదమని కొత్తవాళ్లు నమ్మరు. నిండు ట్యాంకులో గాలికి చోటు లేదు, మండటానికి గాలి కావాలి. ఖాళీ చేసిన ట్యాంకులో అడుగున చెంచాడు పెట్రోలు మిగిలినా అది ఆవిరై లోపలంతా నిండుతుంది. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి 1.4 వంతుల నుంచి 7.6 వంతుల దాకా ఉంటే చాలు, రవ్వ తగిలితే పేలుతుంది. సున్నాకు 40 డిగ్రీల దిగువన, నీళ్లు ఎప్పుడో రాయైపోయిన చలిలో కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరినిస్తుంది. మా తెనాలి ఎండల సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి మూత తీసి పెట్టినంత మాత్రాన పైకి లేచి పోదు, అడుగునే నిలుస్తుంది. సాయిబు గారు ఈ అంకెలేవీ చదువుకోలేదు. నేనూ చాలా ఏళ్ల తర్వాత చదివాను. చదివాక ఆయన చేసిన ప్రతి పనికీ కారణం దొరికింది.

ముందు అడుగున ఉన్న బిరడా విప్పి పెట్రోలంతా డబ్బాలోకి దింపేవాడు. మీటరు ముల్లును నడిపే తేలుడుబంతిని విప్పి, దాని కింది బెండు వాషరును పారేసేవాడు. ఒక్కోసారి కారేది ట్యాంకు కాదు, ఆ వాషరే. అలాంటప్పుడు కొత్తది వేసి, మాటు డబ్బులు అడక్కుండా పంపేసేవాడు. ట్యాంకే కారుతుంటే హండాలో బట్టల సోడా వేసి కాచిన నీళ్లు నిండా పోసి, పొర్లించి, పారబోసి, మళ్లీ పోసేవాడు. ఆ తర్వాత నా వంతు. గుప్పెడు గులకరాళ్లు, పాత నట్లు లోపల వేసి, నీళ్లు పోసి, ట్యాంకును ఒళ్లో పెట్టుకుని అటూఇటూ ఊపాలి. రాళ్లు లోపలి తుప్పును గీకుతాయి. పారబోస్తే ఎర్రటి బురద. బురద పోయి తేటనీళ్లు వచ్చేదాకా ఊపాలి. భుజాలు పడిపోయేవి. “ఒరే అబ్బాయ్, ట్యాంకును నిద్రపుచ్చుతున్నావా?” అని వెనక నుంచి కేక వినబడేది.

అన్నీ అయ్యాక కూడా ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. షెడ్డు ముందు నిలబడ్డ ఏదో ఒక బండి సైలెన్సరుకు గొట్టం తగిలించి, రెండో కొస ట్యాంకులో పెట్టి ఇంజను నడిపించేవాడు. పొగతో ట్యాంకు నింపడమేమిటని నాకు వింతగా ఉండేది. ఇంజనులో కాలి వచ్చిన పొగలో మండించే ప్రాణవాయువు దాదాపు ఉండదు. లోపల ఆవిరి కాస్త మిగిలినా మండటానికి దానికి తోడు లేకుండా చేయడమన్నమాట. చివరగా ట్యాంకును ఓరగా నిలబెట్టి, చిల్లు దాకా నీళ్లు పోసేవాడు. వేడి తగిలేచోట తప్ప మిగతా జాగా అంతా నీళ్లే. అప్పుడు కొలిమి వైపు తిరిగేవాడు.

కొలిమి షెడ్డుకు ఆ చివర, ట్యాంకు ఈ చివర. మంట ఎప్పుడూ ట్యాంకు దగ్గరికి రాదు, వేడి మాత్రమే కడ్డీ మీద నడిచి వస్తుంది. కడ్డీ ఇనుముది, కొసన బరువైన రాగిదిమ్మ. కర్రబొగ్గుల్లో దాన్ని పెట్టి కుర్రవాడు తిత్తి ఊదుతుంటే సాయిబు గారు మంట రంగు చూసేవాడు. రాగి చుట్టూ మంట పచ్చగా తిరిగితే వేడి సరిపోయింది. అంతకు మించి కాలిస్తే రాగి నల్లబడి టంకం పట్టదు. బయటికి తీసి నవాసారం గడ్డ మీద ఒక్కసారి రుద్దితే తెల్లటి పొగ గుప్పుమని లేచి, ముక్కుపుటాలు మండేవి. ఆ పొగలోంచి రాగికొస అద్దంలా బయటపడేది. తగరం, సీసం సగం సగం కలిపి పోసిన బద్దకు దాన్ని తాకిస్తే పాదరసంలా జారి కొసను పట్టుకునేది. తగరం ఒక్కటే అయితే 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గర. రెండూ కలిస్తే 183 దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. తక్కువ వేడిలో అతుకు పడటమే ఈ పని కిటుకంతా.

చిల్లు చుట్టూ రేకును ముందే ఆకురాయితో తెల్లగా గీకి ఉంచేవాడు. దాని మీద కోడి ఈకతో యాసిడ్ పూసేవాడు. వట్టి యాసిడ్ కాదు. పాత టార్చిలైటు బ్యాటరీలు కోసి, వాటి జింకు తొడుగులు ముక్కలు చేసి యాసిడ్‌లో వేసి, పొంగు పూర్తిగా అణిగేదాకా ఉంచిన నీళ్లు. పారేసిన బ్యాటరీల కోసం వీధి పిల్లలం పోటీ పడేవాళ్లం, ఇస్తే బఠాణీలు కొనుక్కోవడానికి ఐదు పైసలు వచ్చేవి. యాసిడ్ పూసిన చోట రాగికొస ఆనించి మెల్లగా లాగితే టంకం పలచగా పరుచుకునేది. సూదిమొన చిల్లయితే దాంతోనే మూసుకుపోతుంది. కాస్త పెద్దదైతే మాటు వేయాలి.

మాటుకు రేకు ఎక్కడిదంటే, డాల్డా డబ్బాది. ఆ డబ్బా రేకుకు తగరం పూత ఉంటుంది, టంకం ఇట్టే పడుతుంది. పైగా పలచన, ట్యాంకు వంపుకు తగ్గట్టు వంగుతుంది. సాయిబు గారు మూలలు గుండ్రంగా కత్తిరించేవాడు. చదరపు మాటు మూల దగ్గర లేస్తుందనేవాడు. మాటు కింది వైపు కూడా ముందే టంకం పూసి, చిల్లు మీద కూర్చోబెట్టి, పైనుంచి కడ్డీతో అదిమిపెట్టేవాడు. మధ్యలో కరిగిన టంకం నాలుగు వైపులా అంచుల్లోంచి సన్నటి తెల్లదారంలా బయటికి వస్తే అతుకు నిండినట్టు. ఆ దారం ఎక్కడైనా తెగితే మళ్లీ మొదలు. మా నాన్న బండి ట్యాంకు అడుగున డాల్డా వాళ్ల తాటిచెట్టు బొమ్మ సగం కనబడుతూ చాలా ఏళ్లు తిరిగింది. అవును, బొమ్మ ఉన్న వైపు బయటికే పెట్టేవాడు, లోపలి తళతళలాడే వైపు ట్యాంకుకు.

అతుకు చల్లారాక సోడానీళ్లతో మళ్లీ కడగాలి. లేకపోతే పూసిన యాసిడే కొత్త తుప్పుకు కారణమవుతుంది. ఆ తర్వాత పరీక్ష. సుద్దపొడి నీళ్లలో కలిపి అతుకుల మీదా అంచుల మీదా పూసి ఆరబెట్టి, లోపల కిరసనాయిలు పోసి ఓ రాత్రంతా వదిలేసేవాడు. కిరసనాయిలు ఎంత సన్నటి సందులోంచైనా పాకి వస్తుంది. తెల్లటి సుద్ద మీద పొద్దునకు ఆవగింజంత మరక కనబడినా ట్యాంకు ఇచ్చేవాడు కాదు. ‘ఎల్లుండి’ అనడంలో ఆ రాత్రి కూడా కలిసి ఉందన్నమాట.

కార్లే కాదు, సమితి జీపులూ వచ్చేవి. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు వచ్చాక, పల్లెల్లో ప్రభుత్వమంటే బీడీవో గారి జీపే. ఆ విల్లీస్ జీపులకు పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే. అది కారితే వాసన వాకిటికి రాదు, తిన్నగా డ్రైవరు ప్యాంటుకే వస్తుంది. ఓ సమితి డ్రైవరు బీడీ మానేయడానికి కారణం డాక్టరు కాదు, ఆ సీటే. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చాక సాయం పనుల్లో తిరిగిన జీపులు కొన్ని నెలలకు వరసగా షెడ్డుకు చేరాయి. ఉప్పునీళ్లలో నానిన రేకు మీద గులకరాళ్లు వేసి ఊపితే తుప్పు కాదు, ట్యాంకే జల్లెడై బయటపడేది. వాటికి మాటు పనికిరాదని, అడుగు మొత్తం కోసి కొత్త రేకు వేశాడు సాయిబు గారు.

ఇక ఎన్నికలొస్తే ఆయనకు నిద్ర ఉండేది కాదు. 1983 ఎన్నికలకు ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును చైతన్యరథం చేసుకుని రాష్ట్రం నలుమూలలా తిరుగుతుంటే, ఊళ్లలో నాయకులు కూడా కొట్టాల్లో పడి ఉన్న జీపుల్ని, కార్లని బయటికి లాగారు. ఏళ్లతరబడి కదలని బండిలో పెట్రోలు పోయడమంటే అడుగున పేరుకున్న తుప్పును లేపడమే. అది ఇంజనుకు పెట్రోలు తోడే ఏసీ పంపు గాజుగిన్నెలో ఎర్రగా కనబడేది. అక్కడ ఆగకపోతే కార్బురేటర్ జెట్టుకు అడ్డం పడి, మైకు మోగుతుండగానే బండి ఆగిపోయేది. అన్ని పార్టీల బండ్లూ ఒకే షెడ్డు ముందు. డ్రైవర్లంతా ఒకే అగ్గిపెట్టె పంచుకోబోతే సాయిబు గారు చీపురు పుచ్చుకుని అందర్నీ రోడ్డు అవతలికి తరిమేవాడు.

ఇంత చెప్పి ఆ కాలమంతా బంగారమని అంటే అబద్ధమవుతుంది. తిత్తి ఊదే కుర్రవాడు బడికి వెళ్లాల్సిన వయసువాడు. ఆ యాసిడ్ పొగ, నవాసారం పొగ రోజూ పీల్చిన సాయిబు గారికి నలభై దాటకుండానే దగ్గు పట్టుకుంది. టంకంలోనూ సీసమే, పెట్రోలులోనూ సీసమే. అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు, 2000 ఫిబ్రవరి నుంచి గానీ దేశమంతటా మానలేదు. గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చి పెట్రోలు దించని డ్రైవరు లేడు. మా ఊళ్లోనే ఇంకోచోట, కడగకుండా డ్రమ్ముకు గ్యాస్ వెల్డింగు పెట్టినవాడు ఆ పూటే పోయాడు. డ్రమ్ము మూత పక్కవీధిలో దొరికింది. ఆ రోజు సాయిబు గారు షెడ్డు మూసేశాడు. మర్నాడు తెరిచి, ఎవరి ట్యాంకైనా ‘ఎల్లుండి’ కాదు, ‘ఆవలెల్లుండి’ అనడం మొదలుపెట్టాడు.

ఆయన పని ఒక్కరోజులో పోలేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని ట్యాంకూ రేకుదే గానీ, మారుతి కొన్నవాడికి మాటు అలవాటు లేదు, పాడైతే కొత్తది వేయించుకునేవాడు. టాక్సీలు, జీపులు డీజిలుకు మారాయి. విజయవాడ ఆటోనగర్‌కు తోలుకెళితే పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించి పంపేవాళ్లు. డీజిలు అంత సులువుగా అంటుకోదు కాబట్టి, ట్యాంకు పని ఎవరు పడితే వాళ్లు చేయగలిగేదైంది. ఆ తర్వాత ప్లాస్టిక్ ట్యాంకులొచ్చాయి. తుప్పు లేదు, అతుకు లేదు, టంకంతో అవసరమే లేదు. సాయిబు గారి అబ్బాయి ఆటోనగర్‌లో రేడియేటర్ల షాపు పెట్టుకుంటే, కొన్నాళ్లకు అవీ అల్యూమినియానికి, ప్లాస్టిక్కుకు మారిపోయాయి. తాతకు స్టీలు గిన్నె తెచ్చిన కష్టమే మనవడికి అల్యూమినియం తెచ్చింది. సమితి జీపుల్లో మిగిలినవేవైనా ఉంటే, పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బండ్లను రద్దు చేయాలన్న 2023 నాటి నిబంధనతో అవీ తుక్కుకు వెళ్లాయి.

విచిత్రమేమిటంటే, ఇప్పుడు ఆ అబ్బాయికి, అబ్బాయి అంటే అరవై ఏళ్లవాడే, మళ్లీ ఫోన్లు వస్తున్నాయి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి. పాత అంబాసిడర్, ఫియట్, జీపు కొని ముద్దుగా చూసుకునేవాళ్లు ట్యాంకు కారుతోందని అడుగుతున్నారు. 2023 నుంచి నూటికి 20 వంతులు ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ తేమను లాక్కుంటుంది. పాత రబ్బరు గొట్టాలకు, బెండు వాషర్లకు అది పడదు. అడుగున గట్టిపడి చిల్లును మూసి ఉంచిన పాత జిగురును కూడా కదిలిస్తుంది. వారానికోసారి ఆదివారం పూట మాత్రమే బయటికి తీసే బండిలో ఆ పెట్రోలు నిలవుంచితే, టాక్సీ డ్రైవరు ముప్పాతిక ఖాళీ ట్యాంకుకు పట్టిన గతే దీనికీ పడుతుంది.

కాబట్టి పాత కారున్నవాళ్లకు నాలుగు మాటలు. బండి వాడని రోజుల్లో ట్యాంకు వీలైనంత నిండుగా ఉంచండి. గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి. వాసన వస్తే స్టార్టు చేయకండి, తోయండి. ట్యాంకు దించాక గ్యాస్ వెల్డింగు షాపుకు పంపకండి, టంకం తెలిసినవాణ్ని వెతకండి. మన ఊళ్లలో పాత రేడియేటర్లు చేసేవాళ్లలో అలాంటివాళ్లు ఇంకా ఒకరో ఇద్దరో ఉన్నారు. దొరికితే కూలి దగ్గర బేరం ఆడకండి. పొద్దున ఇస్తే మధ్యాహ్నానికల్లా చేసిచ్చేస్తానని అన్నాడా, ఆ ట్యాంకు చంకన పెట్టుకుని తిన్నగా ఇంటికి వచ్చేయండి.